రెండు గొడుగుల దూరం

మేడమ్ పోయారని ఇందిరాపురం ఆయన ఫోన్ చేసి చెప్పాడు. మామూలుగా ఆయన ఫోన్ చేస్తే ముందు ఎండల సంగతి, తరువాత ట్రాఫిక్ సంగతి, ఆ తరువాతే అసలు సంగతి. ఈసారి హలో కూడా అనలేదు. "మన పార్కు మేడమ్ లేరండీ ఇంక" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు. ఒకప్పుడు ఆవిడ నడిపే ఆదివారం తెలుగు క్లాసు మూసేయించాలని అందరికంటే గట్టిగా అరిచిన మనిషి ఈయనే. ఇవాళ అందరికంటే ముందు ఏడ్చినదీ ఈయనే.

ఆవిడ పేరు రాయను. రాసినా ఆ క్లాసుకు వెళ్లిన మా ఏడు కుటుంబాలకు తప్ప ఎవరికీ తెలియదు. పెద్దలం మేడమ్ అనేవాళ్లం, పిల్లలు పార్క్ ఆంటీ అనేవారు. ఏదో మంత్రిత్వశాఖలో స్టెనోగా చేసేవారు. కరీంనగర్ వైపు మనిషి. ముప్పై ఏళ్లుగా ఢిల్లీలో ఉన్నా యాస మీద దుమ్ము కూడా పడనివ్వలేదు. ఆఫీసులో హిందీ, ఫైళ్లలో ఇంగ్లీషు, మాతో మాత్రం కరీంనగర్. మధ్యలో ఎక్కడైనా ఒక "అచ్ఛా", ఒక "ఠీక్ హై" దొర్లితే అది ఢిల్లీ వంతు.

పొట్టి మనిషి. నేత చీర, దాని కింద తెల్లటి కాన్వాస్ బూట్లు. చేతిలో మగవాళ్లు పట్టుకునే పొడుగాటి నల్ల గొడుగు. వాన ఉన్నా లేకపోయినా ఆ గొడుగు ఉండాల్సిందే. దాంతో చెట్టు కొమ్మ వంచేవారు, కుక్కల్ని అదిలించేవారు, నేల మీద అక్షరాలు గీసేవారు. వాన పడితే మాత్రం దాన్ని ఏ పిల్లకో ఇచ్చేసి తాను తడిసేవారు.

నేను మొదటిసారి మా అమ్మాయిని జనక్‌పురి పార్కుకు తీసుకెళ్లింది ఆ పిల్లకు ఆరేళ్లప్పుడు. ఆదివారం పూట తెలుగు నేర్పుతారట, పైసా అక్కర్లేదట అని మా బ్లాకులో ఎవరో చెప్పారు. గేటు దగ్గర పిల్లను వదిలి వెనక్కి తిరిగాను.

"ఏడికి సార్?" అని వినిపించింది.

"పాలు, కూరలు తేవాలండి. గంటలో వచ్చేస్తాను."

"పిల్లను దించిపోతందుకు ఇది బస్టాండ్ కాదు సార్. ఇంట్లకెళ్లి ఒక పెద్ద మనిషి కూసోవాలె. కూసుంటేనే క్లాసు. లేకుంటె ఇద్దరు పోయి కూరలు తెచ్చుకోండ్రి."

అదీ ఆవిడ పద్ధతి. పిల్లలకు నేర్పడం కాదు, ఇళ్లకు నేర్పడం. తల్లో తండ్రో పక్కన లేకుండా ఏ పిల్లకూ అక్షరం చెప్పేవారు కాదు. సరే అని కూర్చున్నాను. కానీ నేనూ ప్రభుత్వోద్యోగినే గదా, రూలులో సందు నాకు వెంటనే దొరికింది. కూర్చోమన్నారు, నేర్చుకోమనలేదు. అక్కడికి పది గజాల దూరంలో ఒక బెంచీ ఉంది. ఆదివారం పేపరు లావుగా ఉంటుంది. ఏడాది పాటు నేను ఆ బెంచీ మీద కూర్చుని తెలుగు క్లాసుకు హాజరయ్యాను. ఆవిడ ఎప్పుడూ కోప్పడలేదు. అప్పుడప్పుడు అటు వచ్చి, "ఏం సార్, మీ బిడ్డ గురించి పేపర్ల ఏమన్న రాసిండ్రా?" అని అడిగి వెళ్లేవారు. నేను నవ్వేసి పేజీ తిప్పేవాణ్ణి.

క్లాసంటే పుస్తకాలు లేవు. ఒక పెద్ద జంపఖానా, దాని మీద చుట్టూ పిల్లలు, మధ్యలో ఆవిడ. చెట్టు, చీమ, ఉడత, తోటమాలి చేతిలో కత్తెర, ఏది కనిపిస్తే అదే పాఠం. పిల్లలు ఏ భాషలోనైనా అడగొచ్చు. పెద్దవాళ్లు మాత్రం తెలుగులోనే జవాబివ్వాలి. పిల్లలు తప్పు మాట్లాడితే ఆవిడ దిద్దరు, ఎవరైనా దిద్దబోతే ఊరుకోరు. ఒకసారి ఇందిరాపురం ఆయన కొడుకు, కవలల్లో ఒకడు, "ఆంటీ, ఉడత వచ్చాడు!" అని కేకేశాడు. ఆయన వెంటనే, "వచ్చాడు కాదు నాన్నా, వచ్చింది" అన్నాడు. మేడమ్ ఆయన వైపు తిరిగి, "ఉడతకు లేని బాధ మీకేంది సార్?" అన్నారు.

ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక స్టెనో ప్యాడ్ ఉండేది. పిల్లలు తెలుగులో ఏదైనా కొత్తగా అంటే చాలు, పెన్సిల్ చెవి మీంచి దిగేది. షార్ట్‌హ్యాండ్‌లో గీకేసుకునేవారు. ఆ కొక్కిరిబిక్కిరి గీతలు మాలో ఎవరికీ అర్థమయ్యేవి కావు. వారం తిరిగాక వాటిని చదివి వినిపించేవారు: "పోయిన ఐతారం గీ పిలగాడు ఏమన్నడంటే..." పెద్ద ఆఫీసర్ల డిక్టేషన్లన్నీ ఆఫీసులోనే మరిచిపోయి, ఆరేళ్ల పిల్లల మాటలు మాత్రం అంత జాగ్రత్తగా దాచుకునేవారు. మా పిల్లల మాటలకు అంత విలువ ఉందని మాకు అంతకు ముందు తట్టలేదు.

మా అమ్మాయి మేఘన మాటలు మాత్రం ఆ ప్యాడ్‌లోకి ఎక్కలేదు. దానికి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే. "అన్నం తిన్నావా?" అంటే "ఖా లియా" అంటుంది. "ఎక్కడికే?" అంటే "నీచే" అంటుంది. ఏడాది గడిచినా ఆ పిల్ల నోట ఒక్క పూర్తి తెలుగు వాక్యం నేను వినలేదు. కాకినాడలో పుట్టి పెరిగినవాణ్ణి. నా కూతురు నాతో నా భాషలో ఒక్క ముక్క మాట్లాడదు. ఆ బాధ నాకు పంటి కింద రాయిలా ఉండేది. ఎవరికీ చెప్పుకోలేదు. పేపరు చదువుకునేవాణ్ణి.

రెండువేల తొమ్మిది ఆగస్టులో స్వైన్ ఫ్లూ వచ్చింది. అప్పటిదాకా టీవీలో ఎక్కడో దూరదేశపు వార్త. ఉన్నట్టుండి పక్క స్కూల్లో ఒక పిల్లకు, వెనక బ్లాకులో ఒకాయనకు అన్నారు. మందుల షాపుల్లో మాస్కులు అయిపోయాయి. జనం జేబురుమాళ్లలో కర్పూరం, యాలకులు మూటగట్టి ముక్కు దగ్గర పెట్టుకు తిరిగారు. మా ఆఫీసులో ఒకాయన తుమ్మితే సెక్షన్ సెక్షనంతా టీ తాగొస్తామని లేచిపోయింది.

ఆ ఆదివారం పార్కులో క్లాసు జరగలేదు, మీటింగు జరిగింది. ఇందిరాపురం ఆయన సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. గుంటూరు మనిషి. కవలల్ని వెంటేసుకుని ప్రతి వారం యమున దాటి, ఊరు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చేవాడు. ఆయనే మొదలుపెట్టాడు.

"మేడమ్, ఇదంతా రిస్కండీ. ఇంతమంది పిల్లలు ఒకే జంపఖానా మీద. ఎవడికో ఒకడికి ఉంటే అందరికీ అంటుకుంటుంది. ఇప్పటికి ఆపేద్దాం. తగ్గాక చూద్దాం."

"ఎప్పుడు తగ్గుతది సార్?"

"అదెవరికి తెలుసండీ."

"మరి ఎప్పుడు తెరుస్తం?"

మేడమ్ కాసేపు గొడుగు కొనతో నేల మీద గీతలు గీశారు. "నేను దఫ్తర్ల మస్తు ఫైళ్లు చూసిన సార్. తాత్కాలికంగ మూసినం అని రాసినయి ఒక్కటి గూడ మల్ల తెరవంగ చూడలే. డాక్టర్లు గాలి ఆడని జాగల గుంపు కావద్దంటున్నరు. మనం బయటనే ఉన్నం. గుంపు కాకుంట సూసుకుంటె చాలదా?"

మర్నాటి నుంచి ఆవిడ ఆఫీసు నుంచి రాగానే పార్కుకు వెళ్లేవారు. సాయంత్రం వాకింగ్‌కు వచ్చినవాళ్లంతా ఒక వింత చూశారు. నేత చీర కట్టుకున్న పెద్దావిడ ఒక గొడుగును నేల మీద పడుకోబెట్టి, లేపి, మళ్లీ పడుకోబెట్టి, చెట్టుకూ చెట్టుకూ మధ్య కొలుస్తూ ఉంది. మూడో రోజు ఒక సర్దార్జీ అనుమానంగా నా దగ్గరికి వచ్చి, ఇక్కడ పార్కింగ్ కట్టబోతున్నారా అని అడిగాడు.

ఆ కొలతల్లోంచి కొత్త క్లాసు పుట్టింది. ఇంటికో చెట్టు. ఏడు ఇళ్లకు ఏడు చెట్లు. ఎవరి జంపఖానా వాళ్లది, ఎవరి నీళ్లసీసా వాళ్లది. మనిషికీ మనిషికీ రెండు గొడుగుల దూరం. గేటు పక్కనున్న కుళాయికి ఒక సబ్బును గుడ్డసంచిలో కట్టి వేలాడదీశారు. చేతులు కడిగితేనే లోపలికి. పిల్లల నడుమ కూర్చుని చెప్పడం ఇక కుదరదు గనుక, వారానికో ప్రశ్న గేటు దగ్గరే ఇచ్చేవారు. ఎవరి చెట్టు కింద వాళ్లు కూర్చుని, ఎవరి పిల్లకు వాళ్లే చెప్పుకోవాలి. ఆవిడ చెట్టు నుంచి చెట్టుకు తిరుగుతూ, దూరం నుంచే వింటూ ఉంటారు.

అంటే నా బెంచీ పోయింది. పేపరూ పోయింది. ఆదివారం పొద్దున్నే నేనూ నా కూతురూ ఒక చెట్టు కింద ఎదురెదురుగా కూర్చున్నాం.

"నాన్నా, యే కౌన్‌సా పేడ్ హై?" అని అడిగింది మేఘన.

తలెత్తి చూశాను. నున్నటి ఆకులు, గుబురుగా నీడ. ఎక్కడో బాగా తెలిసిన మొహమే, పేరు మాత్రం నాలుక మీదికి రావడం లేదు. అటుగా వచ్చిన మేడమ్ ఆగి, "చెప్పుండ్రి సార్, బిడ్డ అడుగుతున్నది" అన్నారు.

"తెలియదు మేడమ్."

"మీ కాకినాడల కానుగ లేదా?"

కానుగ! మా స్కూలు గోడ పొడవునా అవే. కానుగ పుల్లతో పళ్లు తోముకునేవాణ్ణి. ఆ కాయల్ని విసిరి మాస్టారి సైకిలుకు గురిపెట్టేవాణ్ణి. అదంతా మేఘనకు చెప్పడం మొదలుపెట్టాను. సైకిలు సంగతి వచ్చేసరికి దాని కళ్లు పెద్దవయ్యాయి. "ఫిర్?" అంది. ఫిర్ ఏముంది, దెబ్బలు. ఆ రోజు క్లాసు అయిపోయిందని ఎవరో వచ్చి చెబితే తప్ప మేమిద్దరం లేవలేదు. ఆ పూట నుంచి ఇంట్లోనూ మాటలు మొదలయ్యాయి. గంటె, మూత, జ్వరం, దగ్గు, మందు, మాడిన పెసరట్టు, ప్రతిదానికీ మాట అడిగేది. వినేది. పలకమంటే నవ్వేది.

గేటు దగ్గర ఇంకొక పద్ధతి పెట్టారావిడ. లోపలికి వచ్చే ప్రతి ఇంటినీ రెండు గొడుగుల దూరంలో ఆపి ఒకటే ప్రశ్న: "మీ ఇంట్ల ఎవరికన్న జ్వరమా?" జవాబు మాత్రం పెద్దవాళ్లు చెప్పకూడదు. పిల్లలే చెప్పాలి. ఏ భాషలోనైనా సరే, తలూపినా సరే.

"పెద్దవాళ్లని అడగొచ్చు గదండీ" అన్నాడు ఇందిరాపురం ఆయన.

"ముప్పై ఏండ్లు సర్కారు నౌకరి చేసిన సార్. పెద్దోళ్లు ఎంత మంచిగ అబద్ధమాడుతరో డిక్టేషన్ తీసుకున్నదాన్ని" అన్నారు మేడమ్.

క్లాసు చివర వారానికో ఇంటి వంతు. ఆ ఇంటి పిల్ల సిమెంటు దిమ్మె ఎక్కి తమ చెట్టు గురించి అందరికీ చెప్పాలి. అందరూ ఎక్కడెక్కడో ఉంటారు గనుక గట్టిగా చెప్పాలి. జంపఖానా రోజుల్లో గుసగుసలాడే పిల్లలు ఇప్పుడు గొంతెత్తి అరవాల్సి వచ్చింది. జనక్‌పురి పార్కులో ఈ మూల నుంచి ఆ మూలకు తెలుగు వినిపించేది. వాకింగ్‌వాళ్లు ఆగి చూసేవారు. కవలల వంతు వచ్చినప్పుడు ఇద్దరూ కలిసి వేపచెట్టు గురించి పార్కు దద్దరిల్లేలా చెప్పారు. వాళ్ల నాన్న ఛాతీ రెండంగుళాలు పెరిగింది. నేను చప్పట్లు కొట్టాను గానీ, లోలోపల కుళ్లుకున్నాను. నిజం ఒప్పుకుంటే తప్పేముంది.

ఆ తరువాతి ఆదివారం మా వంతు. వారమంతా మేఘన చేత కానుగ మీద ఆరు వాక్యాలు చదివించాను. నేనే రాశాను, మంచి గ్రాంథికంగా. అది పెదవులు కదిపేది గానీ శబ్దం వచ్చేది కాదు. ఆదివారం నాటికి వస్తుందని నాకు ఆశ. అందరి ముందూ నా కూతురు తెలుగు మాట్లాడాలి. ఆ ఒక్కటే నాకు కావలసింది.

ఆదివారం పొద్దున్న దానికి ఒళ్లు వెచ్చబడింది. థర్మామీటర్ నూరు దాటి చూపించింది.

"ఇవాళ వద్దండీ" అంది మా ఆవిడ.

"వర్షాకాలంలో కాస్త ఒళ్లు వెచ్చబడితే అదీ జ్వరమేనా?" అన్నాను.

"మీకు తెలుసు కదా, ఇది ఎలాంటి రోజులో."

తెలుసు. తెలిసే సిరప్ పోశాను. గంటలో ఒళ్లు చల్లబడింది. పిల్ల కులాసాగానే కనిపించింది. చెప్పులు వేసుకుంటుంటే దాని చెవిలో అన్నాను: "ఆంటీ అడిగితే జ్వరం లేదని చెప్పు. సరేనా?" అది నా మొహంలోకి చూసింది. సరే అనలేదు, కాదనలేదు. మా ఆవిడ మాతో రాలేదు.

గేటు దగ్గర మాకు ముందు ఇద్దరున్నారు, మా వెనక ఇందిరాపురం ఆయన, కవలలు. మా వంతు వచ్చింది. మేడమ్ రెండు గొడుగుల దూరం నుంచి అడిగారు. "మేఘనా, మీ ఇంట్ల ఎవరికన్న జ్వరమా?"

మేఘన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. ఈసారి ఊపలేదు. నా వైపు చూసింది. నేను కనుబొమలు ఎగరేశాను. అది ఆవిడ వైపు తిరిగి, నేను ఏడాదిగా ఎదురుచూస్తున్న గొంతుతో, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"పొద్దున నాకు జ్వరం వచ్చింది. నాన్న మందు పోశాడు. జ్వరం లేదు అని చెప్పమన్నాడు."

మూడు వాక్యాలు. తప్పులేని తెలుగు. నేను నిలబడ్డచోట భూమి చీలలేదు గానీ, చీలితే బాగుండుననిపించింది.

మేడమ్ నన్ను చూడలేదు. పెన్సిల్ తీసి ఆ మూడు వాక్యాలూ ప్యాడ్‌లో రాసుకున్నారు. పూర్తిగా రాశాకే తలెత్తారు. "శాబాష్ బిడ్డా. మంచిగ చెప్పినవ్. ఇంటికి పోయి పండుకో. గిప్పుడు దగ్గరికి రాలేను గని, లేకుంటె ఎత్తుకునేదాన్ని" అన్నారు.

వెనక నుంచి ఇందిరాపురం ఆయన పేలిపోయాడు. "ఏంటండీ ఇది! చిన్నపిల్లలు ఉన్నారిక్కడ! చదువుకున్నవాళ్లు చేసే పనేనా? చెప్పానా మేడమ్, ఆపేద్దామని చెప్పానా లేదా? ఇక ఈ క్లాసూ వద్దు, ఏమీ వద్దు!"

"సార్, ఇయ్యాల మీ పిల్లలను కాపాడింది ఎవరు?" అన్నారు మేడమ్. "నేను కాదు, సబ్బు కాదు. గా పిల్ల. ముందు గా పిల్లకు తొవ్వ ఇయ్యుండ్రి."

ఆయన పిల్లల్ని పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు. నేను మేఘన చెయ్యి పట్టుకుని తలొంచుకుని నడిచాను. సగం దూరం వచ్చాక, "నాన్నా, ఆప్ గుస్సా హో?" అని అడిగింది. కోపం లేదన్నాను. అదైనా నిజమే చెప్పాను.

సోమవారం ప్రభుత్వాసుపత్రిలో గొంతులోంచి నమూనా తీశారు. బుధవారం ఫలితం వచ్చింది. స్వైన్ ఫ్లూయే.

మందులిచ్చి, ఇంట్లోంచి కదలొద్దన్నారు. పనిమనిషి మానేసింది. పాలవాడు పాకెట్లు మెట్ల మీద పెట్టి బెల్లు కొట్టి పారిపోయేవాడు. మా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, "నిజం చెప్పింది, మన అదృష్టం" అంది, అంతే. నేను మిగతా ఆరు ఇళ్ల పిల్లల మొహాలు తలుచుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆ దిమ్మె ఎక్కించి ఉంటే? అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టి ఉంటే?

మేడమ్‌కు ఫోన్ చేశాను. ఫలితం చెప్పాను. "మేము ఇక రాము మేడమ్. నా మొహం ఎవరికీ చూపించలేను" అన్నాను.

"మీ మొహం సంగతి తర్వాత చూద్దం సార్. బిడ్డ తింటున్నదా?"

"జావ తాగుతోంది."

"అచ్ఛా. ఐతారం పొద్దుగాల మీ బాల్కనీల ఉండుండ్రి."

ఎందుకని అడిగేలోపు ఫోన్ పెట్టేశారు.

ఆదివారం నాటికి మేఘనకు జ్వరం పూర్తిగా తగ్గింది. ఎనిమిదిన్నరకు కింద ఏదో అలికిడైతే బాల్కనీలోకి వెళ్లాం. మాది రెండో అంతస్తు. కింద సందులో, మా బిల్డింగుకు కాస్త ఎడంగా, మేడమ్ గొడుగుతో కొలుస్తూ ఉన్నారు. ఒక ఇంటివాళ్లను స్కూటర్ల పక్కన, ఇంకొకళ్లను ఎదురు గేటు ముందు, మరొకళ్లను నీళ్లట్యాంకు నీడలో నిలబెడుతున్నారు. అందరి చేతుల్లోనూ జంపఖానాలు. పార్కు మా ఇంటికి నడిచి వచ్చింది. ఎదురు ఫ్లాట్లలోవాళ్లు కిటికీలు తెరిచి చూస్తున్నారు. లెక్కపెట్టుకున్నాను. ఒక ఇల్లు తక్కువ.

పావుగంట తరువాత సందు మొదట్లో కారు ఆగింది. ఇందిరాపురం ఆయన దిగాడు, చెరో చేతిలో ఒక కొడుకు. ఎవరి మొహమూ చూడకుండా వచ్చి, మేడమ్ చూపించిన చోట నిలబడ్డాడు.

ఎందుకు వచ్చాడో తరువాత చాన్నాళ్లకు ఆయనే చెప్పాడు. మేడమ్ ఆయనకు ఫోన్ చేసి బతిమాలలేదట, నచ్చజెప్పలేదట. "అదే మీ పిల్లలైతే గేటు కాడ ఏం చెప్పేటోళ్లు సార్?" అని ఒక్కటే అడిగారట. ఆయన అన్నం దగ్గర కొడుకులిద్దరినీ అడిగాడు. వాళ్లు ఒకరినొకరు చూసుకుని, "డాడీ, మీరు ఏం చెప్పమంటే అదే" అన్నారట. "ఆ ముద్ద దిగలేదండీ నాకు" అన్నాడాయన.

"మేఘనా, మీ చెట్టు సంగతి బాకీ ఉన్నది" అన్నారు మేడమ్ కింద నుంచి. నేను ఆరు వాక్యాల కాగితం కోసం లోపలికి పరిగెత్తబోయాను. ఈలోగానే అది కటకటాలు పట్టుకుని మొదలుపెట్టేసింది.

"మా చెట్టు కానుగ. మా నాన్న కానుగ కాయ మాస్టారు సైకిల్‌కి కొట్టాడు. మాస్టారు నాన్నని కొట్టారు. నాన్న ఏడ్చాడు."

సందంతా నవ్వింది. అంత గొంతు ఆ పిల్లకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కింద మేడమ్ నవ్వుతూనే రాసుకుంటున్నారు. రాసి, తలెత్తి నన్ను పిలిచారు.

"సార్, ఒక్క మాట అడుగుత. జ్వరం, మందు పోసుడు, ఇయ్యి పార్కుల నేను చెప్పిన మాటలు కావు. మరి బిడ్డకు ఎవరు నేర్పిండ్రు?"

మా ఆవిడ నా వెనక నుంచి, "ఆయనే నేర్పారు మేడమ్, పక్కన కూర్చుని" అంది.

"గదే. మీరు నేర్పిన మాటలతోటే మిమ్ములను పట్టిచ్చింది. గిసొంటి బిడ్డను కన్నోళ్లు మొహం దాసుకునుడేంది సార్? తలెత్తుకొని తిరగాలె."

ఆరు ఇళ్లవాళ్లు వింటుండగా, ఎదురు కిటికీల్లో పంజాబీలు చూస్తుండగా, నేను బాల్కనీలో నిలబడి ఏడ్చాను. వారం రోజుల సిగ్గు ఆ కాస్సేపట్లో కరిగిపోయింది. నా కూతుర్ని చూసి గర్వపడ్డాను. ఇలాంటి మనిషి నడిపే క్లాసులో నాకూ ఒక చోటుందని ఇంకా ఎక్కువ గర్వపడ్డాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. చాలామంది పెద్ద ఆఫీసర్ల దగ్గర పని చేశాను. జనాన్ని దూరంగా నిలబెట్టడం అందరికీ వచ్చు. దూరంగా నిలబెట్టి కూడా ఒక్కరిని వదిలిపెట్టకపోవడం ఆవిడ దగ్గరే చూశాను. ఆ శీతాకాలమంతా క్లాసు జరిగింది. ఒక్క ఆదివారం ఆగలేదు. పార్కు నుంచి ఒక్క పిల్లకు ఆ జ్వరం అంటలేదు.

బాల్కనీ క్లాసు ముగిసేముందు మేఘన ఒక కోరిక కోరింది. "ఆంటీ, వచ్చే ఆదివారం గేటు దగ్గర నేను అడగనా?"

"నువ్వే అడుగు బిడ్డా" అన్నారు మేడమ్.

డాక్టరు చూసి ఇక భయం లేదన్నాక, ఆ ఆదివారం పార్కుకు వెళ్లాం. మేఘన నా చెయ్యి విడిపించుకుని పరిగెత్తి, మేడమ్‌కు కాస్త ఎడంగా గేటులో నిలబడింది. వరసలో మొదట నేనే. నా కూతురు నన్ను పైనుంచి కిందిదాకా చూసి, కొత్తవాణ్ణి అడిగినట్టు అడిగింది.

"మీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా?"

మా ఇల్లంటే దాని ఇల్లే. జవాబు దానికీ తెలుసు. అయినా నేను చెప్పేదాకా కదలలేదు. పిల్లలే చెప్పాలన్న రూలు ఆ రోజు నాకొక్కడికీ తిరగబడింది.

"లేదమ్మా. ఎవరికీ లేదు" అన్నాను.

అది నా మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి, మేడమ్ వైపు తిరిగి, "నిజమే చెబుతున్నాడు ఆంటీ" అంది.

"అయితే లోపలికి రాండ్రి సార్" అన్నారు మేడమ్.